మెల్లగా లేచే గాలి

చప్పుడు రాకూడదు. ఈ మీటింగు ముగిసి, ఈ జనమంతా ఎవరి జీపులు వాళ్లెక్కి ప్రొద్దుటూరు దాటేదాకా మిద్దె మీది నుంచి ఆ ఒక్క చప్పుడు రాకుండా ఉంటే చాలు అనుకుంటూ షంషాద్ కల్యాణమండపం పక్క నడవలో, గోడలో బిగించిన పెద్ద ఇనుప జాలీ కింద పీట వేసుకుని కూర్చుంది. హాల్లోని గాలి ఈ జాలీలోంచే వెనక్కి, పైకి పోతుంది. మిద్దె మీద చిన్న గదంత ఉన్న పాత ఏసీ యంత్రం దాన్ని పీల్చుకుని, చల్లబరిచి, రేకు గొట్టంలోంచి మళ్లీ హాల్లోకి వదులుతుంది. ఆ రావడం పోవడం ఆమె వీపుకు తెలుస్తోంది, పడుకున్న ఎనుము ఊపిరి తగిలినట్టు. నడవ తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ సందులోంచి హాలు రెండు ముక్కలుగా కనబడుతోంది. ఎడమ వైపు ఎగువపల్లె వాళ్లు, ముందు వరసలో వాళ్ల సంజీవయ్య. కుడి వైపు దిగువపల్లె వాళ్లు, ముందు వరసలో వాళ్ల ఓబులేసు. రెండూ మైలవరం కట్ట కింద ఒకే కాలువ నీళ్లు తాగే ఊళ్లు. ఆ కాలువ కోసం మొదలై, తర్వాత దేనికోసమో వాళ్లకే గుర్తు లేకుండా, షంషాద్ పుట్టకముందు నుంచీ ఒకరినొకరు చంపుకుంటున్న ఊళ్లు. మొన్న మొన్నటిదాకా రెండు పార్టీలు. ఎన్నికలు దగ్గర పడ్డాయి, పైన ఎవరో ఎవరితోనో మాట్లాడారు, ఓబులేసు పార్టీ మారాడు, ఇద్దరి మెడలోకీ ఒకే రంగు కండువా వచ్చింది. కండువా మారినంత తేలిగ్గా మనిషి మారతాడా. అందుకే కుర్చీల మధ్య వెడల్పుగా దారి వదిలారు, ఆ దారిలో ముందు ఎవరి కాలు పడుతుందా అని రెండు వైపులా చూస్తున్నారు. ఆయుధాలు వాకిట్లోనే పెట్టించారట, సెల్‌ఫోన్లు గోనెసంచుల్లో వేయించారట, ఊరికొక సంచి. కానీ పంచె మడతల్లో ఏముందో ఎవరు చూశారు? ఇప్పుడు గనక పైనుంచి ఢామ్మని ఒక్క చప్పుడు వస్తే, అదేంది అని ఎవరూ అడగరు. ముందు చెయ్యి నడుముకు పోతుంది. తల పైకెత్తి చూసేది ఆ తర్వాతే.

ఆ చప్పుడు ఎట్లా ఉంటుందో ఈ ఊరికి తెలుసు. పోయిన ఏడు ఇదే హాల్లో ఒక పెండ్లి, తలంబ్రాలు పోసుకుంటుండగా కరెంటు పోయి మళ్లీ వచ్చింది. పైన యంత్రంలో గాలిని తోసే పెద్ద చక్రం, బ్లోయరు అంటారు దాన్ని, నిద్రపోతున్న మనిషిని కాలితో తన్ని లేపినట్టు ఒక్క దెబ్బకు లేచింది. గాలంతా ఒక్క ఊపున గొట్టంలోకి దూకింది, లోపలికి సొట్టపోయి ఉన్న పాత రేకు బయటికి తన్నుకుంది. రోజూ పొద్దున్నే ఖాళీ హాల్లో వచ్చే చప్పుడే అది, ఊడ్చేవాళ్లకు అలవాటైన చప్పుడే. కానీ ఆ రోజు జనం ఉన్నారు. ‘బాంబు’ అని అరిచింది ఎవరో ఇప్పటికీ తెలియదు. చెప్పులు, పిల్లలు, ఒక ముసలామె కాలు, పందిట్లో ఒంటరిగా మిగిలిపోయిన పురోహితుడు. అప్పటి నుంచి దీన్ని బాంబు హాలు అన్నారు. పెండ్లి పత్రికల మీద ఈ హాలు పేరు కనబడడం మానేసింది. హాలు నాగేంద్రమ్మది. భర్త పోయాక ఆమె ఒక్కతే నడుపుతోంది, రెండు వర్గాల్లో ఎవరికీ చుట్టం కాదు, అందుకే ఇవాళ ఈ మీటింగుకు ఇద్దరూ ఒప్పుకున్న చోటు ఇదొక్కటే అయింది. ఆమె ఆ పాత యంత్రాన్ని తీసి పారేయలేక, అది తన్నుకునే తన్నులు భరించలేక, మోటార్లు చుట్టే ఫకీర్ సాహెబు దగ్గరికి వచ్చి, “దీన్ని మెల్లగా లేపే దారి ఏదన్నా ఉంటే చెప్పప్పా, పసిబిడ్డను లేపినట్టు లేపాల” అంది. ఫకీర్ సాహెబు షంషాద్ తండ్రి. ఆయన చెయ్యి చెవి వెనక పెట్టుకుని, మంచి చెవి ఆమె వైపు తిప్పి, సగం విని, మిగతా సగం కూతురి ముఖంలో చదువుకున్నాడు.

ఆ రెండో చెవి జమ్మలమడుగులో పోయింది. అక్కడ బస్టాండు పక్కన వాళ్ల అంగడి, నేల నిండా బోరు మోటార్లు, రాగి తీగ, వార్నిషు వాసన. అందరి మోటార్లూ ఆ నేల మీదే పడి ఉండేవి. ఊళ్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోని వాళ్ల మోటార్లు కూడా పక్కపక్కనే పొట్టలు విప్పుకుని పడి ఉండేవి. షంషాద్ బడి నుంచి వచ్చి వాటి మధ్య కూర్చుని ఎక్కాలు చదువుకునేది. ఆ రోజు ఎక్కాలు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తు లేదు, తెల్లటి వెలుగు ఒకటి వచ్చింది, తర్వాత చప్పుడు, తర్వాత చప్పుడే లేదు, రోడ్డు మీద ఒక జీపు, జీపు పక్కన ఎవరిదో కొత్త చెప్పు. బాంబు వేసిన వాళ్లకు కావలసింది జీపులోని మనిషి. అంగట్లో మోటారు మీదికి వంగి ఉన్న ఫకీర్ సాహెబు వాళ్లకు అక్కర్లేదు, ఆయన చెవి మరీ అక్కర్లేదు. ఆ తర్వాత వాళ్లు పులివెందులకు పోయారు. అక్కడ చీనీ తోటలు, తోటకొక బోరు, ఎండాకాలం వస్తే కాలిపోయే మోటార్లకు లెక్క లేదు. పని బాగానే ఉండేది కానీ తల్లి ఖమర్‌బీకి మాత్రం నిద్ర ఉండేది కాదు. పళ్లెం జారితే ఉలికిపడేది, లారీ టైరు పేలితే పిల్లల మీద పడి కప్పుకునేది. మూత పడినా ఏందది, తలుపు పడినా ఏందది. ఏం కాలేదు మా, గాలికి పడింది మా, అని చెప్పీ చెప్పీ షంషాద్‌కు చిన్నప్పటి నుంచే ఒక అలవాటైపోయింది: ఏ చప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవడం. కనుక్కుంటే తల్లికి చెప్పొచ్చు. చెప్తే తల్లి చెయ్యి వదులవుతుంది. పులివెందుల నుంచి ప్రొద్దుటూరికి వచ్చాక ఐటీఐలో ఆడపిల్ల తానొక్కతే అయి వెనక బెంచీలో కూర్చున్న రోజుల్లో కూడా ఆమె చదివిందంతా ఆ ఒక్క పని కోసమే అనిపిస్తుంది, చప్పుళ్లకు కారణం వెతకడం కోసం. ఆ తల్లి ఇప్పుడు ఇదే హాలు వెనక వంటగదిలో ఇంత జనానికి టీ కాస్తోంది. వద్దు మా, ఈ ఒక్క రోజు రావద్దు అంటే వినలేదు. “నువ్వు ఆడ ఉంటే నేను ఇంట్లో కూచోని ఏం జేయాల?” అంది.

దారి చెప్పింది మున్వర్ బావ. అక్క మొగుడు, కువైట్‌లో మిద్దెల మీద ఏసీ యంత్రాలు బాగుచేసే పనిలో ఉన్నాడు. శుక్రవారం శుక్రవారం ఫోను చేస్తాడు. “ఏం మరదలా, ఈడ పాత మిషన్లను ఎవరూ పారేయరు. మోటారు ముందర ఒక డ్రైవు పెట్టె పెడతారు. అది కరెంటును పట్టి పట్టి వదుల్తాది, మోటారు కాలు తీసి కాలు వేసినట్టు లేస్తాది. వేడి ఉంటే జోరుగా తిరుగుతాది, చల్లబడితే తనకు తానే మెల్లగయితాది.” కానీ ఆ పెట్టె కరెంటును సన్నగా తరిగి పంపుతుందట, పాత మోటారు చుట్ట దానికి తట్టుకోదట. అందుకని ఫకీర్ సాహెబు మోటారు విప్పి, పాత తీగంతా లాగేసి, మందం పూత ఉన్న తీగతో మళ్లీ చుట్టాడు, పొరపొరకూ కాగితం ఎక్కువ పెట్టి, వార్నిషులో రెండు మాట్లు ముంచి కాల్చాడు. గోడకు డ్రైవు బిగించింది షంషాద్. ఎంతసేపట్లో లేవాలి, ఎంత వేగం దాటకూడదు, ఎంతకు తగ్గితే లోపలి గొట్టాలకు మంచు పడుతుంది, అన్నీ అడిగి, ఆలోచించి, ఎంత తగ్గినా సగం వేగానికి ఇంకొంచెం పైనే ఉండేటట్టు పెట్టింది. మొదటిసారి వేసిన రోజు తల్లి హాల్లో గొట్టం కింద నిలబడి, రెండు చెవులూ మూసుకుని, కళ్లు కూడా మూసుకుంది. చాలాసేపటికి ఒక కన్ను తెరిచి, “వేస్తావా వెయ్యవా? నాకు కాళ్లు పీకుతాండాయి” అంది. వేసి శానాసేపాయ మా, నీ కొంగు చూడు. ఖమర్‌బీ కొంగు వైపు చూసింది. అది గాలికి ఊగుతోంది. ఆమె ఆ కొంగును చేత్తో పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుని, వంటగదిలోకి పోయింది. షంషాద్‌కు ఆ రోజు ఆ సంతోషంతోనే కడుపు నిండిపోయింది.

మరి ఇప్పుడు భయం దేనికి? హాల్లో సంజీవయ్య లేచి మాట్లాడుతున్నాడు, మనమంతా ఒక తల్లి బిడ్డలం అంటున్నాడు, ఆ మాటకు కుడి వైపు ఎవరో దగ్గారు, అది దగ్గో నవ్వో తెలియదు. భయం దేనికంటే మిద్దె మీది చేంజోవర్ స్విచ్చికి. డ్రైవు పక్కన చేటంత పెట్టె, దానికొక ఎర్ర పిడి. డ్రైవు చెడిపోతే కరెంటును పాత దారిలోనే మోటారుకు పంపడానికి. నాగేంద్రమ్మ పట్టుబట్టి పెట్టించింది. “పెట్టె ఆగిపోయి ఇంతమంది మగోళ్లు ఎండకు ఉడికితే ఏమయితాదో నీకు తెల్దు షంషాదూ. ఉక్కపోతకే సగం కొట్లాటలు.” ఆ పిడి తిప్పితే యంత్రం ఆగదు, నిజమే. కానీ పాత తన్నే తంతుంది, పాత చప్పుడే చేస్తుంది. ఆ పిడి దగ్గర ఇప్పుడు షంషాద్ లేదు. మిద్దె ఎవరి చేతిలో ఉంటే హాలు వాళ్ల చేతిలో ఉన్నట్టు, అది వీళ్ల లెక్క. అందుకని మీటింగు అయ్యేదాకా మిద్దె మీద ఎగువపల్లె మనిషి ఒకడు, దిగువపల్లె మనిషి ఒకడు, మూడో మనిషి ఉండకూడదు, మెట్లు కూడా ఎక్కకూడదు అని పెద్దలు మాట్లాడుకున్నారు. ఎగువపల్లె తరఫున ఎర్రన్న, పొడుగాటి మనిషి, భుజాన మెరిసే కొత్త తువ్వాల. దిగువపల్లె తరఫున చిన్నసుబ్బయ్య, పొట్టి, మెడలో నేసిన పాత తువ్వాల. పొద్దున షంషాద్ పైకి పోయి చెప్పిరావలసి వచ్చింది.

“ఇదో అప్పా, ఈ ఎర్ర పిడి ఉండాదే, దీన్ని ముట్టుకోవద్దు. లోపల బ్లోయరు ఆగిపోతే మాత్రం ఈ పక్కకు తిప్పాల” అని ఎర్రన్నకు చూపించింది. ఎర్రన్న తల ఊపాడు. వెనక్కి తిరిగితే చిన్నసుబ్బయ్య మిద్దె అంచున నిలబడి దూరంగా ఎటో చూస్తున్నాడు. “విన్నావు కదా అప్పా?”

“నాకు యాడ చెప్పినావు? ఆయప్పకు చెప్పినావు.”

“అదే మాట అప్పా.”

“అదే మాటయితే నాకూ చెప్పు.”

చెప్పింది, అదే మాట, అదే పిడి చూపించి. ఈసారి ఎర్రన్న నీళ్ల తొట్టి వైపు ముఖం తిప్పుకున్నాడు, కానీ చెవి మాత్రం ఇటే ఉంది. “ఏమ్మా, ఆయప్పకు ఒక మాట ఎక్కువ చెప్పినావే.”

“ఏం మాట అప్పా?”

“భద్రం అన్నావు. నాకు అన్లేదు.”

“భద్రం అప్పా” అంది షంషాద్, నవ్వు ఆపుకుంటూ. చూస్తే వాళ్ల నీళ్ల సీసాలు కూడా వేరువేరుగా మిద్దెకు ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి ఉన్నాయి. మెట్లు దిగుతూ కూడా ఆ నవ్వు పోలేదు. చప్పుడొస్తుందని మాత్రం చెప్పలేదు. ఆ ఇద్దరి ముందు, ఆ మాట, నోటికి రాలేదు.

వీపు మీది గాలి సన్నబడింది. షంషాద్ ముందు గమనించలేదు, తర్వాత గమనించి సంతోషపడింది, హాలు చల్లబడినట్టుంది, డ్రైవు తనకు తానే తగ్గించుకుంటోంది, బావ చెప్పినట్టే, తను పెట్టినట్టే, అనుకుంది. పొద్దున్నే వేసిపెట్టాం కాబట్టి గోడలు కూడా చల్లబడి ఉంటాయి. గాలిని చల్లబరిచే కంప్రెసర్లు కూడా ఆగినట్టున్నాయి, జాలీలోంచి వచ్చే ఆ సన్నటి వణుకు లేదు. అనుకుంటుండగానే తల పైకెత్తి జాలీ వైపు చూసింది. కంప్రెసర్లు ఆగాయి. వాటి ఫ్యాన్లు ఆగాయి. మిద్దె మీద ఇంతసేపూ రొద. ఇప్పుడు నిశ్శబ్దం. పైన యంత్రం జాలీ వెనక బ్లోయరు బెల్టు ఒక్కటి మెల్లగా తిరుగుతూ ఉంటుంది, అది కూడా ఎండకు చెదిరిన కళ్లకు కనబడితేనే. తను వాళ్లకు ఏం చెప్పింది? ఆగిపోతే తిప్పమంది. మెల్లగవుతుందని చెప్పిందా? లేదు. ఇద్దరికీ రెండు మాట్లు చెప్పి, రెండు మాట్లూ అది చెప్పలేదు. తనకు మెల్లగవడమంటే ఆగిపోవడం కాదు, మెల్లగవడమంటే సరిగ్గా పనిచేయడం, ఈ పనంతా అందుకోసమే కదా చేసింది, అందుకే అది చెప్పాల్సిన మాట అని తోచలేదు. కానీ బోరు మోటారు దగ్గర పుట్టి పెరిగిన మనిషికి? రొద తగ్గిందంటే మోటారు పోయినట్టు. గొంతు మారిందంటే పరుగెత్తి స్టార్టరు పీకాల్సిందే. వాళ్లు ఇప్పుడు లేచి నిలబడి ఉంటారు. ఎర్ర పిడి వైపు చూస్తూ ఉంటారు. ఆగిపాయ అంటాడు ఒకడు. ఎవరితో అంటాడు, వాళ్లిద్దరికీ మాటల్లేవు కదా. మాటల్లేని ఇద్దరు మనుషులు, మధ్యలో ఒక పిడి.

లేచింది. మెట్ల దాకా పోయింది. మెట్ల మొదట్లో రెండు ఊళ్ల మనుషులు ఇద్దరు, స్తంభానికి ఆ పక్క ఒకడు, ఈ పక్క ఒకడు. “యాడికి పోతాండావమ్మా?” అని ఇద్దరూ ఒకేసారి అడిగారు, అడిగి ఒకరినొకరు చూసుకున్నారు, అట్లా ఒకే మాట ఒకేసారి అనడం ఇద్దరికీ నచ్చలేదు. పైకి పోవాల అంటే? ఎందుకు అంటారు. మిషనుకు ఏమయింది అంటారు. ఏం కాలేదు అంటే మరెందుకు పైకి అంటారు. ఎవరు పంపినారు అంటారు. ఏం లేదప్పా, టీలకు పోతాండా అని వంటగది వైపు తిరిగింది. ఫోను సంచిలో ఉంది. ఉన్నా ఎవరికి చేస్తుంది, వాళ్ల ఫోన్లూ సంచుల్లోనే. పైకి పోను వీల్లేదు, పిలవను వీల్లేదు. మరి పైకి పోయేది ఏముంది? గాలి పోతుంది. ఈ జాలీలోంచి గాలి ఒక్కటే పైకి పోతుంది, దాన్ని ఎవరూ ఆపలేదు. జాలీ వెనకే సెన్సరు ఉంది, చిటికెన వేలంత రాగి పుల్ల, హాలు ఎంత వేడిగా ఉందో డ్రైవుకు చెప్పేది అదే. అది వేడెక్కితే డ్రైవు జోరు పెంచుతుంది, కంప్రెసర్లు లేస్తాయి, మిద్దె మీద మళ్లీ రొద వస్తుంది, పైన ఉన్నవాళ్లు మళ్లీ కూర్చుంటారు. షంషాద్ వంటగదిలోకి పరుగులాంటి నడకతో పోయి, పొగలు కక్కుతున్న టీ ఒక స్టీలు గ్లాసు నిండా పోసుకుని, పైట అంచుతో పట్టుకుని వచ్చింది. పీట ఎక్కి గ్లాసును జాలీకి, ఆ రాగి పుల్ల కిందికి ఆనించి పట్టుకుంది.

వేళ్లు కాలుతున్నాయి. కాలనీ. ఆవిరి జాలీలోకి పోతోంది, యాలకుల వాసన ఆ పాత యంత్రం ఎప్పుడూ చూసి ఉండదు. వీపుకు కాదు, ఇప్పుడు ముఖానికి తెలిసింది, మొదట చెంప దగ్గర, తర్వాత చెవి దగ్గర, గాలి మెల్లగా చిక్కబడుతోంది. తన్ను లేదు, దూకుడు లేదు. సద్దుమణిగిన ఇంట్లో ఒక్కొక్కరే నిద్ర లేచినట్టు. పైన కంప్రెసరు ఒకటి లేచింది, కాసేపటికి రెండోది. హాల్లో ఒక్క తల కూడా పైకి తిరగలేదు. అబ్బా, నువ్వు చుట్టిన చుట్ట ఎంత బాగా తిరుగుతాందో చూడు, అనుకుంది, తండ్రి దూరంగా అంగట్లో ఉన్నా. గ్లాసు చల్లబడుతుందేమో అని భయపడుతుండగా పక్కన ఇంకో చెయ్యి వచ్చింది, ఆ చేతిలో ఇంకో గ్లాసు, నిండా పొగలు. ఖమర్‌బీ. “ఏం జేస్తాండావో నాకు తెల్దు” అంది రహస్యంగా. “తాగడానికి కాదని మాత్రం తెలిసింది. పట్టుకో.” ఇది వేడిగా ఉండాది మా, నీ చెయ్యి కాల్తాది. “పొయ్యి కాడ ఇన్నేండ్లు కాలని చెయ్యి ఇప్పుడు కాల్తాదా?” ఆమె పాత గ్లాసు తీసుకుపోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. ఒక్కసారి కూడా ఏందది అని అడగలేదు.

హాల్లో ఓబులేసు మాట్లాడుతున్నాడు. ఆయనది పెద్ద వయసు, మాట వణుకుతోంది, కోపంతోనో వయసుతోనో అని షంషాద్ అనుకుంది కానీ ఆయన మాట మధ్యలో ఆపి, కొత్త కండువా విప్పి, చెవుల మీదుగా చుట్టుకుని, “ఏం నాగేంద్రమ్మా, మమ్మల్ని కలపమంటే గడ్డకట్టిస్తాండావే! ఇడిపోకుండా ఉండాలని ఫ్రిజ్జులో పెట్టినావా?” అన్నాడు. అప్పుడు ఎడమ వైపు నుంచి, ఎగువపల్లె వైపు నుంచి, ఎవరో పకపకా నవ్వారు. నవ్విన వాడు నవ్వినందుకు భయపడేలోపే సంజీవయ్య కూడా నవ్వాడు, తన కండువాను కూడా చెవులకు చుట్టుకుని చూపించాడు, ఇద్దరు ముసలాయనలు చలికాలం తెల్లవారుజామున పాలకు పోయేవాళ్లలా ఉన్నారు, ఇక హాలంతా నవ్వింది. షంషాద్ చేతిలో గ్లాసు ఊగి టీ వేళ్ల మీద ఒలికింది. ఇది తను అనుకోలేదు. ఇది ఏ యంత్రంలోనూ లేదు. నాగేంద్రమ్మ నడవలోకి వచ్చి, జాలీ దగ్గర టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఆమెను చూసి, నోరు తెరిచి, ఏమీ అర్థం కాక, “తగ్గించు తల్లీ, పెద్దోళ్లకు జ్వరాలొస్తాయి” అని మాత్రం చెప్పి పోయింది.

తగ్గించాలి. తగ్గిస్తే మళ్లీ అదే. గ్లాసు దించితే గాలి తగ్గుతుంది, పైన రొద పోతుంది, ఆ ఇద్దరూ మళ్లీ లేచి నిలబడతారు. దించకపోతే ముసలాయనలు లేచి పోతారు, మీటింగు సగంలో పోతుంది, సగంలో పోయిన మీటింగు ఈ ఊళ్లలో ఎట్లా ముగుస్తుందో ఎవరికి తెలియదు? ఇంతకుముందు సన్నబడినప్పుడు వాళ్లు తిప్పలేదు కదా. టీ తెచ్చేదాకా చాలాసేపే పట్టింది కదా. ఎందుకు తిప్పలేదు? ఒకడు తిప్పబోతే ఇంకొకడు ఆపి ఉంటాడా, ఆపితే ఎట్లా ఆపి ఉంటాడు, చేత్తోనా, మాటతోనా? ఏదో ఒకటి జరిగి ఉంటుంది పైన, తనకు తెలియనిది. అన్నీ తనకు తెలియాలని ఏముంది. ప్రతి చప్పుడుకూ కారణం వెతికిన దాన్ని, చప్పుడు రాకపోవడానికి కూడా కారణం వెతకాలా. ఒక్కసారన్నా మనుషులను నమ్మి కూర్చోలేనా. నమ్మడమంటే గ్లాసు దించడం, అంతే, చెయ్యి కిందికి దించడం. షంషాద్ గ్లాసు దించింది. కాలిన వేళ్లను నోట్లో పెట్టుకుంది. గాలి తగ్గింది, ఒక్కొక్క మెట్టే దిగినట్టు, వీపుకు తెలిసీ తెలియనంత. కంప్రెసరు ఒకటి ఆగింది. రెండోది ఆగింది. పైన నిశ్శబ్దం. కింద ఎవరో జై అన్నారు, రెండు వైపుల నుంచీ జై అన్నారు, ఒకరి తర్వాత ఒకరు, కలవని గొంతులతో. సంజీవయ్య ఆ ఖాళీ దారిలోకి కాలు పెట్టాడు, ఓబులేసు కూడా పెట్టాడు. వాళ్లు వాటేసుకోలేదు. ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకున్నారు, తడి గట్టు మీద జారకుండా పట్టుకున్నట్టు. కుర్చీలు కిర్రుమన్నాయి, జనం లేచారు, గోనెసంచులు విప్పారు, నా ఫోను యాడ, ఇది నాది కాదప్పా, బయట జీపులు ఒకటొకటే కదిలాయి. చప్పుడు రాలేదు. జీపులన్నీ పోయేదాకా ఆమె పీట మీద నుంచి లేవలేదు.

మెట్ల దగ్గర ఇప్పుడు కాపలా లేదు. గోడ పట్టుకుని సగం మెట్లు ఎక్కిందో లేదో పైనుంచి అరుపులు. ఇద్దరు మగవాళ్ల గొంతులు, ఒకదాని మీద ఒకటి పడుతూ. అంతా అయిపోయాక, అందరూ పోయాక, ఇప్పుడా. ఇంకో రెండు మెట్లు ఎక్కి గోడ చాటున ఆగి, చెవి పెట్టింది.

“నా తువ్వాల యాల చింపితివి అంటాండా! ఇది మా పెద్దక్క పెట్టిన తువ్వాల!”

“చింపలేదప్పా, ఒక పోగు లాగినా. ఒక్క పోగు! నువ్వు తిప్పుతా తిప్పుతా అని మీద పడ్తివి కదా పిడి మీదికి. ఆగలేదురా నాయనా, తిరుగుతాంది అని నేను మొత్తుకుంటే వింటివా? అందుకే మిషను జాలీకి పోగు కట్టి చూపిస్తి. లోపలికి గుంజుకుంటాంది కదా, కండ్లతో చూసినావు కదా.”

“చూసినాలే. తూర్పార పట్టేవాణ్ణి, గాలి ఉండేదీ లేనిదీ నాకు తెల్దా? నీ తువ్వాల పోగు యాల కట్టలేదు మరి?”

“నాది పట్టు మాదిరి జారతాది, పోగు రాదు. కొత్తది.”

“కొత్తది! అదీ చెప్పు, కొత్తది కాబట్టి కట్టలేదు. ఎగువపల్లోళ్ల బుద్ధి.”

“పిడి తిప్పబోయింది ఎవరు, దిగువపల్లోళ్లు కాదూ? నీ చెయ్యి పట్టుకోని ఆపేసరికి నా భుజం పాయ.”

“నువ్వు పట్టుకుంటే నా మణికట్టు పాయ, దానికేమంటావు?”

షంషాద్ తల కొంచెం ముందుకు వంచి చూసింది. నడినెత్తి మీది ఎండకు మిద్దె తెల్లగా మండుతోంది. నీడ ఆ యంత్రం పక్కన ఒక్క చోటే ఉంది, జానెడు పట్టె. ఆ జానెడు పట్టెలో ఇద్దరూ గోడకు వీపులు ఆనించి, భుజానికి భుజం తగిలేటట్టు కూర్చుని, ముఖాలు మాత్రం చెరో వైపుకు తిప్పుకుని అరుచుకుంటున్నారు. మధ్యలో ఒకే నీళ్ల సీసా ఉంది, అది ఎవరిదో చెప్పడానికి లేదు.

కింద నుంచి ఖమర్‌బీ వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. “ఏందమ్మీ ఆ అరుపులు? దిగు, దిగిరా.”

షంషాద్ నోటి మీద వేలు పెట్టుకుని, పక్కన మెట్టు మీద చోటు చూపించింది. తల్లి ఎక్కి వచ్చి కూర్చుంది. కాసేపు తనూ విన్నది. మొదట ఆమె భుజాలు బిగిసి ఉన్నాయి. పెద్దక్క పెట్టిన తువ్వాల ఏ జాతరలో కొన్నదో, దానికి సమానంగా ఇంకొకటి ఎవరు ఇప్పించాలో దాకా పోయింది గొడవ.

“అంగట్లోకి రా, ఇప్పిస్తా. ఈడ్నే ప్రొద్దుటూర్లో. రేపే రా.”

“రేపు నాకు కుదర్దు. బేస్తవారం వస్తా.”

“బేస్తవారమయితే బేస్తవారం. దానికి అట్లా అరుస్తావేంది?”

“పోదామా?” అని తల్లి చెవిలో అడిగింది షంషాద్.

“ఉండు” అంది ఖమర్‌బీ, మెట్టు మీద సర్దుకుని కూర్చుంటూ. “ఏ రంగుది కావాలంటాడో విననీ.”